బాటపైనా, బాట దిగినా

సెక్టర్ 7 వీధులు డ్రాయింగు బల్లపై గీసినట్లు తిన్ననివి. వాటిపై ఏ వాహనమైనా సాగుతుంది. దాని గుణదోషాలు బయటపడేది బాట దిగినప్పుడే.

ఛత్తీస్‌గఢ్ రైతు తన నేలలకు భాటా, మటాసీ, డోర్సా, కన్హార్ అని పేర్లు పెట్టుకొన్నాడు. భాటా ఎర్రని గులకనేల. వానలోనూ చక్రానికి పట్టునిస్తుంది. కన్హార్ మన నల్లరేగడికి చుట్టం. తడిసినదా, టైరును చుట్టుకొని, మడ్‌గార్డులో బిగుసుకొని బండిని కదలనివ్వదు. చిన్న చక్రాల స్కూటరుకు అక్కడ గతి లేదు. నా రాజ్‌దూత్ కొంత నయం.

1997 శ్రావణంలో ఒక రాత్రి మా విభాగపు సహోద్యోగి భార్యకు ప్రసవానంతరం రక్తం అత్యవసరమైనది. గ్రూపు కలిసేది ఆమె తమ్మునికే. అతని ఊరికి టెలిఫోను లేదు. చివరి మూడు కిలోమీటర్లూ కన్హార్ పొలాలే. పొలాల అంచున ఆగి టైర్లలో గాలి తగ్గించాను. నేలను తాకే వైశాల్యం పెరిగితే ఒత్తిడి తగ్గుతుంది, చక్రం దిగబడదు. అదే గాలితో తారురోడ్డుపై వేగంగా పోతే మలుపులో బండి తూలుతుంది. మంచుదేశాల స్నోమొబైల్‌కూ ఇదే చిక్కు: మెత్తని మంచుకు పొడవాటి పట్టా కావాలి, గట్టిబాటపై మలుపులకు పొట్టిది మేలు.

రెండవ గేరులో, క్లచ్చి ముట్టకుండా, గడ్డి మొలిచిన గట్టు వెంటే సాగాను. తిరుగు ప్రయాణంలో ఆ కుర్రవాడు రెండుచోట్ల దిగి నెట్టాడు. తారురోడ్డు ఎక్కాక నేను చేతిపంపుతో గాలి నింపుతున్నంతసేపూ టార్చి పట్టుకొని నిలిచాడు. ఒక్క మాట లేదు.

తెల్లవారకముందే సెక్టర్ 9 ఆసుపత్రి చేరాము. తల్లీ బిడ్డా దక్కారు. మడ్‌గార్డు కింది కన్హార్‌ను గోకి తీయడానికి మాత్రం నాకు సాయంత్రం దాకా పట్టింది.