రిమోట్ పన్జేయకపోతే ఏం చూడాలె – బల్కంపేట రూము ముచ్చట



పోస్టు కొంచెం పెద్దగానే ఉంటది, ఓపికతోని చదవండి. కోచింగ్ కోసం హైదరాబాద్ వచ్చి రూముల్లో ఉంటున్న మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పనికొస్తదని రాస్తున్న. యూనివర్సల్ రిమోట్ కొన్నా దాంతో గేమ్ కన్సోల్ ఎందుకు నడవదు, నడవాలంటే ఏం చెయ్యాలె అన్నదే విషయం. చూడటానికి ఆటల ముచ్చట లెక్క ఉంటది కానీ మా రూముల ఇది ఒక తమ్మి చదువుకు సంబంధించిన ముచ్చట అయ్యింది.

మేం ఉండేది బల్కంపేటల, ఎల్లమ్మ గుడి దాటినంక ఒక గల్లీల. ఐదుగురం. ఉట్నూరు, నార్నూర్, జైనూర్ దిక్కు వాళ్లం. మైత్రీవనం దాకా నడిచే పోతం. రూముల ఉన్న టీవీ సెకండ్ హ్యాండ్‌ది, స్మార్ట్ టీవీ కాదు. ఉద్యోగం వచ్చి బెంగళూరు పోయిన ఒక అన్న తన పాత పీఎస్4 మాకు ఇచ్చిపోయిండు. దాంట్ల ఆటల కంటే యూట్యూబే ఎక్కువ నడుస్తది. ఐదుగురం ఐదు చిన్న ఫోన్లల్ల చూసుడు కంటే, రాత్రి తిన్నంక గ్రూప్స్ క్లాసులు పెద్ద తెర మీద కలిసి చూస్తం.

ఇబ్బంది ప్యాడ్‌తోని వచ్చింది. బ్యాటరీ పోయింది. వైరు పెడితేనే పన్జేస్తది. ఆ వైరేమో మూరెడు. అంటే టీవీ పక్కన గోడకు ఆనుకొని కూర్చున్నోడే క్లాసు నడిపిస్తడు. మిగతా వాళ్లం చూసుడే. కొత్త ప్యాడ్ అడిగితే 5,000 దాకా చెప్పిండ్రు. అది మాకు నెల తిండి ఖర్చు.

అప్పుడే జైనూర్ దిక్కు ఒక గూడెం నుంచి కొత్తగా ఒక తమ్మి వచ్చిండు. ఇంట్ల మాట్లాడేది గోండీ. తెలుగు వస్తది, కానీ క్లాసుల సార్లు మాట్లాడే ఆ స్పీడు, ఆ పుస్తకాల మాటలు కొత్త. కొత్తోడు కాబట్టి తలుపు దగ్గర చాప మీద చోటు దొరికింది. మొదటి రోజు గంటల నాలుగుసార్లు "అన్నా, జర ఆపవా" అన్నడు. నాలుగోసారి ముందల కూర్చున్న అన్న ఒకాయన "పోనియ్ తమ్మీ, నోట్సు తర్వాత ఇస్తం" అన్నడు. కోపంగ ఏం అనలే, మామూలుగనే అన్నడు. మరునాటి నుంచి తమ్మి అడుగుడు బంద్ చేసిండు. వారం తర్వాత వాని నోట్‌బుక్ చూసిన. ప్రతి పేజీల సగం వాక్యం రాసి ఉన్నది, మిగతా సగం ఖాళీ.

అందుకే చేతులు మార్చుకునే రిమోట్ ఒకటి కావాలనుకున్నం. టీవీ రిమోట్ ఎట్లాగూ మేం కొన్ననాటి నుంచే లేదు. ఎస్.ఆర్. నగర్ దిక్కు పోయే రోడ్డు మీద ఒక చిన్న దుకాణంల 150 రూపాయలకు యూనివర్సల్ రిమోట్ దొరికింది. "యూనివర్సల్ అని రాసున్నది కద, అన్నిటికి పన్జేస్తది" అన్నడు దుకాణమాయన. టీవీకి వెంటనే పన్జేసింది. పీఎస్4 మాత్రం ఉలకలే, పలకలే. రూముల ఒక్కొక్కరు ఒక్కో వైద్యం చెప్పిండ్రు: బ్యాటరీలు మార్చుమని, దగ్గరికి పోయి నొక్కుమని, గట్టిగ నొక్కుమని.

ఇక్కడి నుంచి వరుసగ చెప్త. మీ దగ్గర ఏ కన్సోల్ ఉన్నా ఇదే వరుసల చూసుకోండి.

మొదటిది, రిమోట్ బతికి ఉన్నదా? ఫోన్ల సెల్ఫీ కెమెరా తెరిచి, రిమోట్ ముందు బల్బు కెమెరాకు చూపిచ్చి ఏదన్న బటన్ నొక్కండి. తెర మీద ఊదా రంగుల, లేకపోతే తెల్లగ మిణుకుమంటే రిమోట్ మంచిగున్నట్టే. వెనక కెమెరాల ఈ వెలుగును ఆపే ఫిల్టర్ ఉంటది చాలా ఫోన్లకు, అందుకే సెల్ఫీ కెమెరా మేలు. ఆ వెలుగు మన కంటికి కనపడదు. సైన్సు పుస్తకాలల్ల పరారుణ కిరణాలు అని చదువుకున్నం కద, అదే ఇది. మన కన్ను దాదాపు 700 నానోమీటర్ల దాకా చూస్తది. రిమోట్ బల్బు ఎక్కువగ 940 దగ్గర వెలుగుతది.

రెండోది, కోడ్. యూనివర్సల్ రిమోట్ అంటే లోపల చానా కంపెనీల టీవీల, డీవీడీల, సెట్‌టాప్ బాక్సుల కోడ్‌లు దాచిపెట్టుకున్న రిమోట్. మనం ఒక నంబరు కొడితే ఆ కంపెనీ భాషల మాట్లాడుతది. బల్బు సాధారణంగ సెకనుకు 38,000 సార్లు ఆరి వెలిగే లెక్కల సంకేతం పంపిస్తది. ఎండ, ట్యూబ్‌లైట్ వెలుగు ఎంత ఉన్నా టీవీ ఆ లెక్కను బట్టి ఇది రిమోట్ మాట అని గుర్తుపడతది. మా రిమోట్‌తో వచ్చిన కాగితంల డీవీడీల దాకా కోడ్‌లు ఉన్నయి, కన్సోల్ పేరే లేదు.

మూడోది, అసలు ముచ్చట. ఎదుటి పెట్టెకు ఆ వెలుగును చూసే కన్ను ఉన్నదా? పీఎస్4కు లేదు. 2006ల వచ్చిన పీఎస్3 నుంచే ఆ కన్ను తీసేసిండ్రు. దాని ప్యాడ్ బ్లూటూత్ మీద, అంటే రేడియో తరంగాల మీద మాట్లాడుతది. పీఎస్5 కూడా అంతే. ఎక్స్‌బాక్స్ 360కి, ఎక్స్‌బాక్స్ వన్ ఎస్‌కు మాత్రం కన్ను ఉన్నది. సరైన కోడ్ ఉన్న రిమోట్ వాటికి పన్జేస్తది. నింటెండో వీ సంగతి ఇంకా ఉల్టా. టీవీ మీద పెట్టే దాని పట్టీని సెన్సార్ బార్ అంటరు గానీ అది చూడదు, వెలుగు ఇస్తది. చూసే కెమెరా చేతిల రిమోట్‌కు ఉంటది.

కన్ను లేని పెట్టె ముందట కోడ్‌లన్నీ కొట్టుకుంట కూర్చున్నా, బ్యాటరీలు మార్చినా, గట్టిగ నొక్కినా ఫలితం ఉండదు. ఇంకొకటి కూడా గమనించండి. ఈ పరారుణ రిమోట్ చెప్పుడే తప్ప వినుడు ఎరగదు. ఎదుటిది విన్నదా లేదా దానికి తెల్వదు. బటన్ నొక్కినప్పుడల్ల దాని బల్బు మిణుకుమంటనే ఉంటది, పని అయినట్టే ఉంటది. బ్లూటూత్ అట్ల కాదు. రెండు పరికరాలు ముందు పరిచయం చేసుకోవాలె, తర్వాత అటు చెప్తది, ఇటు జవాబు వస్తది.

ఇది చదువుతుంటే మీకు ఏం యాదికొస్తున్నదో నాకు తెలుసు. మనల చానామందికి ఒకటో క్లాసు ఇట్లనే గడిచింది. మన గోండీల ఏర్ అంటే నీళ్లు. తెలుగుల ఏరు అంటే వాగు. దాహమై ఏర్ అన్న పిల్లగానికి "ఏరు కాడికి ఇప్పుడెందుకురా, కూర్చో" అని జవాబు వస్తది. రెండూ ద్రావిడ భాషలే, అక్కచెల్లెళ్లే, అయినా ఆ పొద్దు పిల్లగాడు దాహంతోనే కూర్చుంటడు. సారు గొంతు పెంచి మళ్లీ చెప్తే అర్థమైతదనుకుంటడు. గట్టిగ నొక్కుడు అంటే అదే.

మళ్లీ మన రూముకు వద్దాం. నాలుగోది, దారి. పీఎస్4కు వెలుగును చూసే కన్ను లేదు. కానీ దానికి టీవీతోని ఒక వైరు బంధం ఉన్నది, హెచ్‌డీఎంఐ కేబుల్. ఆ కేబుల్ కొనల 19 పిన్నులు ఉంటయి. బొమ్మ, శబ్దం పోయేటివి పోంగ, 13వ పిన్ను ఒక్కటి పరికరాలు తమల తాము మాట్లాడుకునేటందుకు పెట్టిండ్రు. దాన్ని సీఈసీ అంటరు. అది ఆన్‌ల ఉంటే టీవీ తన రిమోట్ నుంచి విన్న మాటను వైరు మీద కన్సోల్‌కు చేరవేస్తది. టీవీకి వెలుగు భాషా వస్తది, వైరు భాషా వస్తది. మధ్యల దుబాసీ అన్నట్టు.

చేసిన పని ఇది. ప్యాడ్‌ను వైరుతోనే పెట్టి పీఎస్4ల సెట్టింగ్స్‌కు పోయి, సిస్టమ్‌ల "ఎనేబుల్ హెచ్‌డీఎంఐ డివైస్ లింక్" అన్న దాని ముందు టిక్కు పెట్టినం. పీఎస్5ల అయితే సిస్టమ్ లోపల హెచ్‌డీఎంఐ అని వేరే పేజీ ఉంటది, అండ్ల ఉంటది. తర్వాత టీవీ మెనూల కూడా సీఈసీ ఆన్ చెయ్యాలె. తిప్పలు ఇక్కడే. చానా కంపెనీలు దాన్ని ఉత్త సీఈసీ అని రాయవు. శాంసంగ్‌ల ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీల సింప్‌లింక్, సోనీల బ్రేవియా సింక్, పానసోనిక్‌ల వియెరా లింక్ అని ఒక్కొక్కరు ఒక్కో పేరు పెట్టుకున్నరు. పేరు తెల్వక చానామంది మా టీవీల లేదు అనుకుంటరు. రెండు దిక్కులా ఆన్ చేసినంక రెండిటినీ ఒకసారి పూర్తిగ ఆపి, ప్లగ్గు తీసి మళ్లీ పెట్టండి.

ఇంకొక మాట. యూనివర్సల్ రిమోట్‌ను కన్సోల్ కోడ్‌ల కాదు, టీవీ కోడ్‌లనే ఉంచాలె. మనం మాట్లాడేది టీవీతోని. టీవీ మిగతాది చూసుకుంటది. బాణాల బటన్లు, ఓకే, రిటర్న్ ఉన్న రిమోట్ అయితే సరిపోతది. ఒక కోడ్‌కు వాల్యూమ్ ఒక్కటే పన్జేసి బాణాలు పన్జేయకపోతే అదే కంపెనీకి ఉన్న ఇంకో కోడ్ పెట్టి చూడండి.

ఇట్ల చేస్తే మెనూలల్ల తిరగొచ్చు, యూట్యూబ్ తెరవొచ్చు, వీడియో ఆపొచ్చు. ఆటలు ఆడలేం, దానికి ప్యాడే కావాలె. అన్ని టీవీలు ఒక్క తీరుగ చేరవేయవు, కొన్నిటిల కొన్ని బటన్లు పోవు. నింటెండో స్విచ్‌ల ఈ సీఈసీ టీవీని ఆన్ ఆఫ్ చేసుడు వరకే, మెనూలల్ల తిప్పదు. మీ టీవీల సీఈసీయే లేకపోతే బ్లూటూత్ రిమోట్ ఒక దారి, యూనివర్సల్ రిమోట్ మీద ఇంక పైసలు పెట్టకండి.

మా టీవీల పన్జేసింది. ఓకే నొక్కితే కింద గీత వచ్చింది, మళ్లీ నొక్కితే సారు నోరు తెరిచినకాడ ఆగిపోయిండు. అందరం నవ్వినం. రిమోట్ తలుపు దగ్గరికి పోయింది.

ఆ రాత్రి ఎకానమీ క్లాసు. గంట వీడియోకు రెండు గంటలు పట్టింది. రెవెన్యూ లోటు, కోశ లోటు, ప్రాథమిక లోటు అని సారు ఒక్క ఊపుల చెప్పుకుంట పోతున్నడు. ప్రాథమిక లోటు దగ్గర తమ్మి ఆపిండు. ఈసారి అడగలే, బటన్ నొక్కిండు అంతే. నేను గోండీల చెప్పిన: సర్కారుకు మొత్తం ఎంత తక్కువ పడ్డదో చూడు, అండ్ల పాత అప్పులకు కట్టే మిత్తి తీసెయ్, మిగిలింది ప్రాథమిక లోటు. మన ఊర్ల షావుకారు లెక్క యాది చేసుకో అన్న. వానికి అర్థమైంది. అప్పుడు ముందల కూర్చునే అన్న, అదే నోట్సు తర్వాత ఇస్తమన్న ఆయన, "ఇంకోసారి చెప్పు, తెలుగుల" అన్నడు. ఆయన గ్రూప్స్‌కు రెండోసారి రాస్తున్నడు.

ఇది మనకు కొత్త ఆలోచన ఏం కాదు. 1943ల హైమన్‌డార్ఫ్ మార్లవాయిల టీచర్ ట్రైనింగ్ సెంటర్ పెట్టినప్పుడు చేసింది ఇదే. గోండు యువకులకే శిక్షణ ఇచ్చి, గోండీలనే నాగరి లిపిల వాచకాలు రాయించి బడులు మొదలువెట్టిచ్చిండు. రాజ్యాంగంల 350ఏ అధికరణ 1956ల ఏడో సవరణతోని వచ్చింది, ప్రాథమిక స్థాయిల మాతృభాషల బోధన గురించి. గ్రూప్స్ చదివేటోళ్లు గుర్తు పెట్టుకోండి, అడుగుతరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల 2004ల గోండీ, కోయ, కొలామీ, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా, ఈ ఎనిమిది భాషలల్ల బహుభాషా విద్య మొదలుపెట్టిండ్రు. ఈ పనులన్నిటిల ఉన్నది ఒక్కటే సూత్రం: రెండు భాషలు తెలిసినోడు మధ్యల కూర్చోవాలె. హైదరాబాద్ రూములల్ల ఆ పని ఏ ప్రభుత్వమూ వచ్చి చెయ్యదు. సీనియర్లమే చెయ్యాలె.

కాబట్టి రెండు పనులు చెయ్యండి. ఒకటి, మీ రూముల, హాస్టల్ల టీవీ ఉంటే సెట్టింగుల ఆ సీఈసీ ఏ పేరుతో ఉన్నదో వెతికి ఆన్ చేసి పెట్టండి. రెండు, కలిసి క్లాసు చూసేటప్పుడు రిమోట్‌ను అందరికంటే తర్వాత వచ్చిన తమ్మి చేతికో చెల్లె చేతికో ఇయ్యండి. ఎన్నిసార్లు ఆపినా ఎందుకు ఆపినవ్ అని అడగకండి. ఏం అర్థం కాలేదని అడగండి, వాళ్ల భాష వస్తే ఆ భాషల అడగండి.

బల్కంపేట, ఎస్.ఆర్. నగర్ దిక్కు ఉండేవాళ్లకు సెట్టింగు దొరకకపోతే చెప్పండి, ఆదివారం వచ్చి చూస్త.

జై సేవ. జై ఆదివాసీ.