పేషెంట్లు రారా?

ఎండీ సీటొచ్చిందని చెప్పగానే పెదనాన్న అడిగిందొకటే: “గుండెదా, పిల్లలదా?”

కమ్యూనిటీ మెడిసిన్ అన్నాను. ఫోన్‌లో కాసేపు చప్పుడు లేదు. “అంటే... పేషెంట్లు రారా?”

నిజం చెప్పాలంటే నా ర్యాంకుకు దొరికింది అదే. నాన్నయితే చుట్టాలకు ‘ఎండీ’ అని చెప్పి అక్కడితో ఆపేస్తున్నాడు.

మొన్న కొత్తగా చేరిన మమ్మల్ని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు తీసుకెళ్లారు. ఉస్మానియా క్యాంపస్ పక్కనే. ఆ గేటు ముందు నుంచి ఎన్నిసార్లు బస్సులో పోయానో, లోపలేముందో పట్టించుకుంటేగా! 1918లో కూనూరులో బెరిబెరి మీద పరిశోధనకు రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక్క గదిలో మొదలుపెట్టిన పని, 1958లో ఇక్కడికి చేరింది.

విటమిన్ ఎ దగ్గర ఆగిపోయా. లోపం ముదిరితే పిల్లలకు రేచీకటి, ఆపైన చూపే పోతుంది. కాలేయం ఈ విటమిన్‌ని దాచుకోగలదు. అందుకే పెద్ద మోతాదు అప్పుడప్పుడు తాగిస్తే చాలని ఇక్కడివాళ్లు పల్లెల్లో పరీక్షించి చూశారు. 1970లో అది దేశమంతా పథకమైంది.

రాత్రి అమ్మకు చెప్పా. “అంగన్‌వాడీల చెంచాతో పోసేటోళ్లు గదా! నువ్వు ఉమ్మేసేటోనివి” అని నవ్వింది. కాసేపాగి, “మా చిన్నన్న పొద్దుగూకితే గోడ పట్టుకొని నడిచేటోడు. మా ఊరికి అప్పుడా మందు రాలే” అంది.

ఆ మామయ్య కళ్ల గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడగా వినలేదు నేను.

సోమవారం బస్తీలో ఇంటింటి సర్వే. మొదటి తలుపు తీసినామె “మందులిస్తరా?” అనడిగింది. లేదమ్మా, మీ బాబు ఆ చెంచా మందు ఎప్పుడు తాగాడో చెప్పండి అన్నా. కార్డు వెతకడానికి లోపలికెళ్లింది.