ఫ్రీమాంట్‌లో రోడ్డు దాటేవారు

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పు తీరాన ఫ్రీమాంట్ నగరం ఉంది. 1956లో అయిదు చిన్న ఊళ్లు కలిసి ఈ నగరమైంది. 2020 జనగణన ప్రకారం జనాభా సుమారు 2 లక్షల 30 వేలు. సెంటర్‌విల్ ప్రాంతంలో ఆఫ్ఘన్ కుటుంబాల దుకాణాలు వరుసగా కనిపిస్తాయి. దానిని ‘లిటిల్ కాబూల్’ అని పిలుస్తారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగువారు కూడా ఇక్కడ ఎందరో ఉన్నారు. వారి దగ్గర కొన్ని నెలలు గడపడానికి తల్లిదండ్రులు వస్తుంటారు. మేమూ అలా వచ్చినవారమే. మాలాంటి వారిలో చాలామందికి ఇక్కడ కారు నడపడం రాదు. కూరగాయలకైనా, మస్జిద్‌కైనా కాలినడకే ఆధారం.

ఇక్కడ నడవడానికి కాలిబాటలున్నాయి. కష్టమంతా రోడ్డు దాటడంలోనే ఉంది. అయిదు ఊళ్లను కలుపుతూ కార్ల కోసం వేసిన విశాలమైన రహదారులివి. అమెరికాలో సిగ్నళ్ల సమయాన్ని, మనిషి సెకనుకు మూడున్నర అడుగుల దూరం నడుస్తాడన్న అంచనాతో నిర్ణయిస్తారు. ఆ లెక్కన 84 అడుగుల రోడ్డు దాటడానికి 24 సెకన్లు చాలు. మోకాళ్ల నొప్పులతో సెకనుకు మూడడుగుల దూరమే నడవగల పెద్దమనిషికి 28 సెకన్లు పడుతుంది. మిగిలిన ఆ నాలుగు సెకన్లు ఆయన కార్ల ఎదుటే ఉంటారు.

ఈ విషయమై ఇరుగుపొరుగు వారిని కదిలిస్తే రకరకాల అభిప్రాయాలు వినిపించాయి. ‘బడి వదిలే వేళ మలుపు తిరిగే కార్లను చూస్తే గుండె దడదడలాడుతుంది’ అన్నారు ఒక తల్లి. ‘ఇషా నమాజు ముగించి నల్లకోటుతో వచ్చే నన్ను డ్రైవరు చూస్తాడో లేదో!’ అన్నారు ఒక ఆఫ్ఘన్ పెద్దాయన. ఒక యువ ఉద్యోగి అభిప్రాయం వేరు: ‘వేగం తగ్గిస్తే రోజూ ఆఫీసుకు ఆలస్యమవుతుంది.’ అదే యువకుడు సాయంత్రం కూతురి చేయి పట్టుకుని రోడ్డంచున నిలబడినప్పుడు, కార్లు మరీ వేగంగా పోతున్నాయని విసుక్కున్నాడు. నిజానికి ఈ నగరంలో ఇవి రెండు వర్గాల వాదనలు కావు. ఒకే మనిషి కారులో ఒక మాట, కాలిబాట మీద మరో మాట అంటున్నాడు.

ఈ రెండు మాటల్లో దేనికి బరువు ఎక్కువో లెక్కలే చెబుతున్నాయి. గంటకు సుమారు 37 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఢీకొంటే, పాదచారులలో పదిమందికి ఒకరు మరణించే ప్రమాదముందని 2011లో ఒక అమెరికన్ అధ్యయనం తేల్చింది. వేగం 68 కిలోమీటర్లయితే ఇద్దరిలో ఒకరికి ప్రాణాపాయం. వృద్ధులకు ఈ ముప్పు మరింత ఎక్కువ. ఆఫీసుకు కొద్ది నిమిషాలు ఆలస్యమైతే సర్దుకోవచ్చు. పోయిన ప్రాణాన్ని తిరిగి తేలేము.

రోడ్డు ప్రమాదాల్లో ఒక్క మరణం కూడా ఉండకూడదన్న ‘విజన్ జీరో’ ఆశయాన్ని స్వీడన్ 1997లో చేపట్టింది. మనిషి పొరపాటు చేస్తాడు; ఆ పొరపాటుకు ప్రాణం మూల్యం కాకుండా రోడ్డును నిర్మించాలన్నదే దాని సారం. ఫ్రీమాంట్ 2016లో ఇందుకోసం కార్యాచరణ ప్రణాళికను ఆమోదించింది. వీధిదీపాలను ఎల్‌ఈడీలుగా మార్చారు. కార్లు నడిచే వరుసలను సన్నగా చేశారు. దాటే చోట్ల మెరిసే దీపాలు అమర్చారు. మరణాలు ఇంకా సున్నాకు చేరలేదు. అయినా వెలుతురు పెరగడం ఆ పెద్దాయనకూ తెలుస్తోంది.

రాష్ట్ర చట్టమూ తోడ్పడుతోంది. కాలిఫోర్నియాలో దాటే గీతలకు ముందు 20 అడుగుల లోపు కారు నిలపరాదు. అక్కడ వాహనం అడ్డుంటే డ్రైవరుకు పిల్లవాడు, పిల్లవాడికి కారు కనిపించవు. పార్కింగ్ చోటు పోయిందని చిన్న దుకాణదారులు బాధపడటం సహజమే. వారి మాటా వినవలసిందే. కాని బేరం కోసం వచ్చే మనిషి క్షేమంగా వచ్చినప్పుడే కదా దుకాణం నిలిచేది!

ఇక్కడి నగర సభలో మాట్లాడటానికి ఓటుండనక్కరలేదు. ఎవరైనా లేచి తమ అభిప్రాయం చెప్పవచ్చు. అక్కడికి తరచూ వెళ్లేవారు కార్లున్నవారే. మనుమలను బడికి దిగబెట్టే అమ్మమ్మలు, ఫజ్ర్‌కు చీకట్లో బయలుదేరే తాతయ్యలు కూడా వెళ్లాలి. ఏ మలుపులో భయం వేస్తుందో, ఏ సిగ్నల్ దగ్గర సమయం చాలడం లేదో వారికి తెలిసినంతగా ఇంజనీరుకు తెలియదు. మాట రానివారికి పిల్లలు అనువదించి చెప్పవచ్చు. పెద్దలకు చేయగల సేవల్లో ఇదీ ఒకటి.