బ్రహ్మకమలం కోసం కొండెక్కితే...

మా కుండీలో బ్రహ్మకమలం విచ్చుకుందంటే ఆ రాత్రి ఇంట్లో పండగే. ఇరుగుపొరుగు అంతా వచ్చేస్తారు. అమ్మ కుంకుమ పెట్టి హారతిస్తుంది. తెల్లారేసరికి పువ్వు వాడి వేలాడుతుంది. నిరుడు ఆగస్టులో హిమాలయాలకు వెళ్తున్నానని చెప్పగానే, ‘అక్కడ అసలైన బ్రహ్మకమలం పూస్తుందటగా, ఒక్కటి పట్రా. దేవుడి దగ్గర పెడతాను’ అంది. దానికేం భాగ్యం అనుకున్నాను.

రిషీకేశ్ నుంచి జోషీమఠ్ మీదుగా గోవింద్‌ఘాట్ చేరేసరికే ఒళ్లు హూనమైంది. దారిలో కొండచరియ విరిగిపడి మూడు గంటలు ఆగిపోయాం. అక్కడి నుంచి పుల్నా దాకా జీపు, ఆపైన ఘాంఘరియా వరకూ నడక. ఘాంఘరియా దాటాక దారి రెండుగా చీలుతుంది. ఒకటి పూలలోయకు, రెండోది హేమకుండ్ సాహిబ్‌కు.

మొదటిరోజు పూలలోయ చూశాం. 1931లో కామెట్ శిఖరం ఎక్కి వస్తూ బ్రిటిష్ పర్వతారోహకుడు ఫ్రాంక్ స్మైత్ దిగిన లోయ ఇదే. 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఎటుచూసినా పూలే. బ్రహ్మకమలం మాత్రం కనిపించలేదు. ‘అది ఇంకా పైన దొరుకుతుంది, రేపు చూద్దురుగాని’ అన్నాడు గైడు.

మర్నాడు హేమకుండ్ దారి పట్టాం. ఆరు కిలోమీటర్లే, కానీ అంతా నిట్టనిలువు. పది అడుగులకోసారి ఆగాల్సిందే. చెట్లు ఎప్పుడో వెనకబడ్డాయి. నాలుగు వేల మీటర్ల ఎత్తున రాళ్ల మధ్య చూపించాడు. నిజం చెప్పొద్దూ, మొదట క్యాబేజీ అనుకున్నా! పూరేకుల్లా కనిపించేవి లేత పసుపు కలిసిన ఆకుపచ్చ పొరలు. కాగితమంత పల్చన. దోసిలి మూసినట్టు ఉంటాయి. తొంగి చూస్తే లోపల ఊదారంగు చిన్నచిన్న పూలు. వాటిని చలి నుంచీ వాన నుంచీ కాపాడేది ఆ పొరలే. మంచు కాలంలో పైమొక్క ఎండిపోతుంది, దుంప నేలలో బతికే ఉంటుంది.

ఇది చామంతి కుటుంబానిది. మన కుండీల్లోదేమో మెక్సికో వైపు నుంచి వచ్చిన నాగజెముడు చుట్టం. దాంట్లో ఆకు అనుకునేది నిజానికి కాండం. రెండింటికీ పేరు తప్ప పోలికే లేదు. అమ్మకి ఈ సంగతెలా చెప్పాలి?

అంతలో ఎవరో యాత్రికులు నాలుగు పూలు చేత్తో పట్టుకుని దిగుతున్నారు. నా చెయ్యీ ముందుకెళ్లింది. గైడు ఆపాడు. ‘నందాష్టమి దాకా మా పెద్దవాళ్లు దీన్ని ముట్టుకునేవారు కాదు. ఆ తర్వాతే చెప్పుల్లేకుండా వెళ్లి, దేవికి కోసుకొచ్చేవారు’ అన్నాడు. నందాష్టమి అంటే భాద్రపదంలో. అప్పటికి చాలా పూలు గింజ కడతాయి. ముందే కోస్తే గాలికి ఎగిరి మొలవాల్సిన విత్తనమే ఉండదు. చెయ్యి జేబులో పెట్టుకున్నా.

పైన సరస్సు, గురుద్వారా, పక్కనే లక్ష్మణుడి గుడి. లంగరులో వేడివేడి కిచిడీ తిన్నాక గానీ ప్రాణం లేచిరాలేదు.

ఇంటికొచ్చి ఫొటో చూపిస్తే అమ్మ కళ్లజోడు సవరించుకుని, ‘ఇందులో కమలం ఎక్కడుందిరా?’ అంది. కాసేపాగి ప్రింటు తీయించమంది. ఈ జులైలో మా కుండీ మళ్లీ పూసింది. వచ్చినవాళ్లకి హారతిచ్చి, ‘ఇది అది కాదు. అసలుది దేవుడి గూట్లో ఉంది, రండి చూపిస్తాను’ అంటూ లోపలికి తీసుకెళ్లింది.