స్ట్రాస్‌బర్గులో శనివారం

ఆవపల్లి ఎక్కడ ఉన్నదని అడిగిన వారికి పటంలో వ్రేలు పెట్టి చూపడం సులభమే. ఇంద్రావతికి దక్షిణంగా, బీజాపూరు నుండి బాసగూడకు పోయే దారిలో, అడవి నడుమ ఉన్నది. కాని అది ఏ సీమలోనిది అని అడిగితే, ఏ సంవత్సరంలో అని ఎదురు ప్రశ్న వేయవలసి వస్తుంది. మా నాయనమ్మ పుట్టిన నాటికి అది బస్తరు సంస్థానం. 1948లో ఆ సంస్థానం మధ్యపరగణాలలో కలిసినది. ఆ వెనుక అది మధ్యప్రదేశమైనది. 1998లో మా జిల్లాకు దంతెవాడ అని పేరు వచ్చినది, 2000లో రాష్ట్రానికి ఛత్తీస్‌గఢ్ అని, 2007లో మరల జిల్లాకు బీజాపూరు అని. ఇన్ని మారినా మా నాయనమ్మ కాపురం మారలేదు; ఆమె పొయ్యి ఉన్నచోటనే ఉన్నది.

మా ఇంటిలో తెలుగు మాట్లాడుతాము. బడిలో హిందీ. సంతలో గోండీ, దోర్ల మాట, కాస్త హల్బీ. చిన్నతనంలో ఇది నాకు వింతగా తోచలేదు. ఉప్పుకు ఒక డబ్బా, పప్పుకు ఒక డబ్బా ఉన్నట్లే మాటకూ వేరువేరు డబ్బాలు ఉంటవని అనుకొనేవాడను.

హైదరాబాదులో చదువుతున్న కాలంలో, విద్యార్థుల వినిమయ పథకం క్రింద 2018 చివర కొన్ని నెలలు జర్మనీ దేశంలో ఫ్రైబుర్గు పట్టణంలో గడపినాను. అట్లు వచ్చిన విద్యార్థులకు ఒక అలవాటు ఉన్నది. శుక్రవారం సాయంకాలం సంచి భుజాన తగిలించుకొని బయలుదేరుతారు. ఆదివారం రాత్రికి ఒక నగరాన్ని చూచివేసినామని లెక్క వ్రాసుకొంటారు. నగరాలను ఇట్లు తపాలా బిళ్ళలవలె పోగుచేయడం నాకు అంతగా రుచించలేదు. అయినా క్రిస్మసుకు ముందు స్ట్రాస్‌బర్గు సంతను చూడవలెనని నలుగురం అనుకొన్నాము. ఆ సంత 1570 నుండి సాగుతున్నదని విన్నాము. అంతకు పూర్వం అక్కడ సెయింట్ నికొలస్ పేర సంత జరిగేదట. ప్రొటెస్టంటు మతం వేళ్ళూనిన తరువాత పుణ్యపురుషుని పేరు గిట్టక, సంతను బాలక్రీస్తు పేరుకు మార్చినారు. పేరు మారినది గాని కొనుగోళ్ళు ఆగలేదు. ఆ సంగతి ఏ సంతలో పెరిగినవానికైనా అర్థమవుతుంది.

మేము వెళ్ళవలసిన వారంలోనే, డిసెంబరు 11 మంగళవారం రాత్రి, ఆ సంత ఉన్న వీధులలో ఒకడు తుపాకితోను కత్తితోను జనం మీద పడినాడు. అయిదుగురు మరణించినారు. రెండు దినములకు పోలీసులు ఆ హంతకుని కాల్చి చంపినారు. శుక్రవారంనాడు సంత మరల తెరచినారు. నా మిత్రులు ప్రయాణం మానుకొన్నారు. వారిని నేను తప్పుపట్టను. నేను మాత్రం శనివారం ఉదయం బయలుదేరినాను. ధైర్యమని ఎవరూ అనుకొనరాదు. సంత ఎట్లు మూతపడుతుందో నేను తొమ్మిదేండ్ల వయస్సులో చూచి ఉన్నాను. ఎట్లు తెరచుకొంటుందో చూడలేదు.

కెల్ వరకు రైలులో పోయి, అక్కడినుండి 2017లో తెరచిన వంతెన మీదుగా ట్రాములో రైన్ నదిని దాటినాను. పోలీసులు ఎక్కి గుర్తింపు పత్రాలు అడిగినారు. బండి ఆపి ఊరూ పేరూ అడగడం బాసగూడ దారిన తిరిగినవానికి కొత్త కాదు. ఆ యువకుడు నా పత్రం తిరిగి ఇచ్చునప్పుడు ‘క్షమించండి’ అన్నాడు. అది మాత్రం కొత్త.

నగరంలో మొదట కనబడేది కెతీడ్రల్. ఎర్రని ఇసుకరాయితో కట్టిన ఆ ఆలయానికి ఒక్కటే శిఖరం, ఎత్తు 142 మీటర్లు. 1647 నుండి 1874 వరకు లోకంలో దానికి మించిన ఎత్తైన కట్టడం లేదు. తల వెనుకకు వంచి చూచినాను, మెడ నొచ్చినది, సంతలోనికి దిగినాను.

చెక్కతో కట్టిన చిన్న చిన్న అంగళ్ళు వరుసలు తీరి ఉన్నవి. కొయ్యబొమ్మలు, గాజు గోళాలు, తేనె కలిపిన రొట్టె, ‘బ్రెడెలె’ అని ఇంటింటా చేసే చిన్న బిస్కత్తులు. వేడిచేసిన ద్రాక్షసారాయంలో దాల్చినచెక్క, లవంగం వేసి గిన్నెలలో పోస్తారు. గిన్నెకు ముందుగా కొంత ధరావతు కట్టవలె. తిరిగి ఇస్తే సొమ్ము ఇస్తారు. మా ఊరిలో ఆకుదొప్పలో పోస్తారు గనుక ఆ చిక్కు లేదు.

మా సంతను నేను పొగడదలచుకోలేదు. చింతపండు, ఇప్పపువ్వు, సారపప్పు తలమీద మోసుకొని తెల్లవారకమునుపే నడచి వచ్చే స్త్రీలు, ఎర్రచీమల పచ్చడి, కోడిపందెం, సాయంకాలానికి జీలుగుకల్లు వాసన, ఇవన్నీ నాకు ప్రీతిపాత్రములే. కాని ఒకనాడు ఉప్పుకు సరిసమానంగా సారపప్పు కొలిపించుకొన్న వర్తకులు కూడ ఆ సంతలలోనే కూర్చున్నారు. మా నాయన ఉప్పు, బట్టలు అమ్ముతాడు. ఆ పాతకథను మా ఇంటిలో ఎవరూ గట్టిగా చెప్పుకొనరు.

అయినా సంత లేని కాలం ఎట్లుండునో 2005 తరువాత తెలిసినది. ఆ జూన్‌లో మా ప్రాంతంలో సల్వా జుడుం ఆరంభమైనది. ఒకవైపు వారు, ఒకవైపు మావోయిస్టులు. ఊళ్ళు కాలినవి, కొందరిని శిబిరాలకు తరలించినారు, కొందరు అడవిలోనికి పోయినారు, వేలమంది సరిహద్దు దాటి ఖమ్మం జిల్లాకు పోయినారు. తాలిపేరు ఒడ్డున ఉన్న బాసగూడ సంత, అంతటి పెద్ద సంత, పాడుపడినది. గిరిజన యువకులకు ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసులుగా నియమించడం చెల్లదని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తీర్పు చెప్పినది. తీర్పు వచ్చినంత మాత్రాన పోయినవారు తిరిగి రాలేదు. మిరప కోతలకని ఇప్పటికీ గోదావరి వైపు పోయే కూలీలలో, ఆనాడు పోయి అక్కడనే నిలిచిపోయిన వారి బంధువులు ఉన్నారు.

బ్రెడెలె అమ్మే ఒక వృద్ధురాలు నా వచ్చీరాని జర్మను విని నవ్వి, ఏ దేశమని అడిగినది. చెప్పినాను. సరిహద్దు ఊరివాడనని కూడ చెప్పినాను, ఎందుకో. ఆమె చేతిలోని పొట్లం క్రింద పెట్టినది. ఆమె ముత్తవ్వ ఫ్రెంచి ప్రజగా పుట్టినదట; 1871లో జర్మను ప్రజ అయినది, 1918లో ఫ్రెంచి, 1940లో జర్మను, 1944లో మరల ఫ్రెంచి. ‘ఇల్లు మారనే లేదు’ అన్నది ఆమె. మా నాయనమ్మ సంగతి నేను చెప్పినాను. పాలకులు మారినప్పుడల్లా మాట మార్చుకొమ్మన్నారా అని ఆమె అడిగినది. హిట్లరు సేనలు ఉన్న కాలంలో అక్కడ ఫ్రెంచి నిషిద్ధం. వారు పోయిన తరువాత బడిలో ఆల్సేషియను మాట్లాడిన పిల్లలకు శిక్ష. ఇప్పుడు వీధి పేర్ల క్రింద ఆ మాట వ్రాసిన పలకలు ఉన్నవి. ‘పలకలు చదివేవారున్నారు. నా మనుమరాలికి నేను చెప్పినది అర్థమవుతుంది, జవాబు మాత్రం ఫ్రెంచిలో వస్తుంది’ అన్నది.

నేను వెంటనే మాట్లాడలేకపోయినాను. మా చెల్లెలు నాయనమ్మ తెలుగుకు హిందీలో జవాబిస్తుంది. మమ్ములను ఎవరూ శిక్షించలేదు. అయినా అట్లే జరిగినది.

క్లెబర్ చౌకులో పెద్ద దేవదారు చెట్టును దీపాలతో అలంకరించినారు. సమీపంలో సేనాని క్లెబర్ విగ్రహం, దాని పాదాల వద్ద పూలు, చీటీలు, వందల కొద్దీ క్రొవ్వొత్తులు. చలిగాలికి ఆరిపోయిన వాటిని ఒక ముసలాయన వరుసగా వెలిగించుకొంటూ పోతున్నాడు. చివరికి వచ్చేసరికి మొదటివి ఆరుతున్నవి. మరల మొదలు పెడుతున్నాడు. తుపాకులు పట్టిన సైనికులు ఆయనకు దారి ఇచ్చి నిలిచినారు. కొంచెం అవతల పిల్లలు మిఠాయికి మారాం చేస్తున్నారు.

నాకు కలిగినది అసూయ. ఈ నగరంవారు మావారికంటె గుండెగలవారని నేను నమ్మను. వారి దుఃఖాన్ని మర్నాటికే దేశమంతా ఎరిగినది. సంత కాపలాకు ప్రభుత్వం వచ్చినది. కాల్చినవాడు ఎవడో అందరికీ తెలుసు. బాసగూడలో ఎవరు ఎవరిని చంపినారో చెప్పడానికే సాక్షులు భయపడినారు.

ఊరికి వచ్చిన తరువాత ఆ ఛాయాచిత్రాలు మా నాయనకు చూపినాను. ఆయన కెతీడ్రల్‌ను తొందరగా దాటించి, అంగళ్ళ బొమ్మ వద్ద ఆగినాడు.

“పైకప్పు రేకా, చెక్కా?”

“చెక్కే, నాయనా.”

“సంతపన్ను ఎవరు వసూలు చేస్తారు? పురపాలకమా?”

అవునన్నాను.

“మంగళవారం చంపితే, శుక్రవారానికే కొనేవాళ్ళు వచ్చినారా?”

“వచ్చినారు. నేనూ పోయినాను గదా.”

ఆయన ఆ బొమ్మను దీపం దగ్గరకు జరిపి చాలాసేపు చూచినాడు. తరువాత మరునాటి సంతకు ఉప్పుబస్తాలు ఎన్ని ఉన్నవో చూచి రమ్మని నన్ను కొట్టంలోనికి పంపినాడు.