అజప

సొరుగులోని పాత కాగితముల క్రింద ఆక్సీమీటరు కనబడినది. 2021 కరోనా వేసవిలో, ప్రాణవాయువు సిలిండరుకై జనులు ఊరెల్ల తిరిగిన ఆ దినములలో, తెల్లవార్లు అమ్మ వ్రేలికి దానిని తగిలించి, అంకె 93 నుండి 91కి దిగుట చూచుచు, చేయునది వేఱొకటి లేక, ఆమె ఊపిరి లోనికి బోవునపుడు ‘సో’ అనియు, వెలికి వచ్చునపుడు ‘హం’ అనియు మనసున అనుకొనుచు నా ఊపిరిని కలిపితిని. జీవుడు అహోరాత్రము 21,600 మారులు తెలియకయే ‘అజప’ యను ఈ జపము చేయుచుండునని యోగచూడామణ్యుపనిషత్తు చెప్పును. తెలిసి చేసినపుడు భయము తొలగలేదు గాని, దాని తొందర తగ్గినది. ప్రక్కయింట దగ్గుచున్న ముదుసలియు, ఆసుపత్రి గుమ్మమున వేచియున్న ఎవరి బిడ్డయో, పిలువకయే ఆ శ్వాసలోనికి వచ్చి చేరిరి. వారికై ఏమి కోరవలయునో ఎఱుగక, వారి పేరనే ఒక్కొక్క ఊపిరి విడిచితిని. అమ్మ కోలుకొన్నది. వార్తలు కలత పెట్టిన రాత్రులందు నేటికిని ముందుగా వారే జ్ఞప్తికి వత్తురు.