కాళ్లు లేని ఆటగాళ్లు

జపాన్‌లో ‘పవాపురో’ అన్న పొట్టి పేరుతో ఇంటింటికీ తెలిసిన బేస్‌బాల్ వీడియో గేమ్ పరంపరను కొనామి సంస్థ 1994లో సూపర్ ఫామికామ్ యంత్రం కోసం మొదలుపెట్టింది. దాని పూర్తి పేరు ‘జిక్క్యో పవర్‌ఫుల్ ప్రో యాక్యూ’. ఇందులో జిక్క్యో అంటే ప్రత్యక్ష వ్యాఖ్యానం, యాక్యూ అంటే బేస్‌బాల్. టెలివిజన్ ప్రసారంలో వినిపించే వ్యాఖ్యాత గొంతును ఇంటి ఆటలోకి తేవడమే ఆనాడు సంస్థ ముందుకు పెట్టిన ఆకర్షణ అని ఆ పేరే చెబుతున్నది. అయితే మూడు దశాబ్దాల తరువాత కూడా జనం మనసులో నిలిచినది గొంతు కాదు, ఆకారం.

ఈ ఆటగాళ్లకు గుండ్రని పెద్ద తల, దానికింద చిట్టి మొండెం, ఆ కింద నేరుగా రెండు బూట్లు ఉంటాయి. మొండేనికీ బూట్లకూ నడుమ కాళ్లన్నవే ఉండవు. దక్షిణ భారతదేశం నుండి వెళ్లాడని చెప్పుకొనే బోధిధర్ముని పేర జపానీయులు చేసుకొనే దారుమ బొమ్మకూ కాళ్లుండవు. పోలిక యాదృచ్ఛికమే కావచ్చు గాని, పడదోసినా లేచి నిలబడే ఆ బొమ్మ గుణం మాత్రం ఈ ఆటకు చక్కగా అతుకుతుంది. పొట్టి ఆటగాళ్లు పవాపురోతోనే పుట్టలేదు. నామ్‌కో సంస్థ 1986లో తెచ్చిన ‘ఫ్యామిలీ స్టేడియం’లోనూ వారు బొద్దుగానే ఉండేవారు, కాకపోతే అక్కడ నిజమైన క్రీడాకారుల పేర్లను కొంచెం మార్చి వాడుకొన్నారు. పవాపురోలో వృత్తి లీగులలోని 12 జట్ల ఆటగాళ్లు సొంత పేర్లతోనే దిగుతారు, అంటే పేరు అసలుది, ఒళ్లు బొమ్మది. ముఖాలన్నీ ఇంచుమించు ఒకే తీరుగా ఉన్నచోట ఎవరు ఎవరో గుర్తుపట్టడానికి నిలబడే భంగిమ, బంతి విసిరే తీరు, బ్యాటు తిప్పే పద్ధతి మాత్రమే మిగులుతాయి కనుక రూపకర్తలు తమ పనితనాన్నంతా అక్కడే ధారపోశారు. ముందు కాలిని లోలకంలా ఊపి కొట్టే శైలిని అసలు కాలే లేని బొమ్మ, గాలిలో ఊగే ఒక్క బూటుతో ఒప్పించగలగడం చిన్న విషయం కాదు. చిత్రకళలో దీనిని పొదుపు అంటారు.

ఆటగాడి సామర్థ్యాన్ని అక్షరాలతో కొలుస్తారు. బంతిని తాకే నేర్పు, బలం, పరుగు, విసురు, ఫీల్డింగ్ ఒక్కొక్కదానికీ జీ నుండి ఏ వరకు శ్రేణి ఉంటుంది, తరువాతి భాగాలలో ఏ పైన ఎస్ కూడా చేరింది. క్రికెట్‌లో బౌలర్ చేసే పనిని బేస్‌బాల్‌లో చేసే పిచర్‌కు వంపు తిరిగే బంతుల రకాలు, అవి ఎంత వంగుతాయన్న కొలత వేరుగా ఉంటాయి. ఇవికాక ఆ రోజు ఆటగాడి స్థితి ఎలా ఉన్నదో తెలిపే చిన్న ముఖం గుర్తు ఒకటి ఉంటుంది. అది ఎంత నవ్వితే ఆట అంత బాగుంటుంది.

ఇంతవరకే అయితే పవాపురో మంచి క్రీడా ఆటగా మిగిలిపోయేది. 1996లో వచ్చిన మూడవ భాగంలో ‘సక్సెస్’ అన్న విభాగం చేరడంతో దాని స్వభావమే మారిపోయింది. ఇందులో మ్యాచ్ గెలవడం ప్రధానం కాదు, ఒక మనిషిని తయారుచేయడం ప్రధానం. మొదట అది వృత్తి క్లబ్బులో రెండవ జట్టుకు చేరిన కొత్త కుర్రవాడు మొదటి జట్టుకు ఎక్కే కథ. 1998 నాటి ఐదవ భాగంలో హైస్కూలు మూడేళ్ల కథ అయింది. వారం వారం సాధన చేయాలో, విశ్రాంతి తీసుకోవాలో, ఊరు తిరగాలో ఆడేవాడే ఎంచుకోవాలి. సాధన చేస్తే శక్తి తరుగుతుంది, తరిగిన శక్తితో మళ్లీ సాధనకు దిగితే గాయపడే ప్రమాదం పెరుగుతుంది, అలాగని విశ్రాంతిలోనే కాలం గడిపితే కోచ్ దృష్టిలో విలువ పడిపోతుంది. గడువు ముగిసేలోగా తగినంత ఎదగని కుర్రవాడి కథ అక్కడితో సరి. క్రీడాజీవితంలో అన్నిటికంటె ఖరీదైనది కాలమేనన్న సంగతిని ఇంత నిర్దయగా చెప్పిన క్రీడా ఆటలు అరుదు. బొద్దు బొమ్మల నవ్వుల చాటున ఉండబట్టే ఆ నిర్దయ భరించదగినదయింది. నిజమైన ముఖాలతో, కండలతో అదే కథ చెప్పి ఉంటే పిల్లలు రెండవసారి ఆడేవారు కారు.

హాస్యం కూడా ఈ కాఠిన్యంలోనుంచే పుడుతుంది. దైజోబు డాక్టర్ అనే పిచ్చి శాస్త్రవేత్త హఠాత్తుగా ఎదురై, శస్త్రచికిత్సతో సామర్థ్యాన్ని ఒక్కసారిగా పెంచుతానంటాడు. ఫలిస్తే పంట పండినట్లే, బెడిసికొడితే నెలల శ్రమ నీరుగారుతుంది. దైజోబు అంటే ‘ఏమీ పరవాలేదు’ అని అర్థం. అడ్డదారి మీది ఆశను, దాని జూదాన్ని ఇంతకంటె క్లుప్తంగా చెప్పడం కష్టం. కళ్లద్దాల యాబే అనే మిత్రుడు ప్రతి వాక్యాన్నీ ‘యాన్సు’ అని ముగిస్తాడు. ఆటలో అంతంతమాత్రమే అయినా ఏ కథలోనైనా నాయకుని వెంట ఉంటాడు.

ఈ పరంపరలో అన్నిటికంటె సాహసమైన పాత్ర హయకావా అఓయి. ఆమె హైస్కూలు పిచర్, చేతిని నేలకు దగ్గరగా దించి కిందినుండి బంతి విసిరే అరుదైన శైలి ఆమెది. ఆమె కథలో చిక్కు బంతితో కాదు, నిబంధనతో: ఆడపిల్ల మైదానంలో దిగిందన్న కారణంగా జట్టుపై వేటు పడుతుంది, సహచరులు ఆ నియమంపై పోరాడతారు, తరువాతి భాగాలలో ఆమె వృత్తి క్రీడాకారిణిగానే కనిపిస్తుంది. ఇది గాలిలోంచి పుట్టిన కథ కాదు. వృత్తి బేస్‌బాల్ ఒప్పందంలో స్త్రీలకు అడ్డుగా ఉన్న నిబంధనను జపాన్ 1991లోనే తొలగించింది. హైస్కూలు మాత్రం వేరు. 1924లో కట్టిన కోషియెన్ స్టేడియంలో ఏటా జరిగే జాతీయ పోటీ బాలురది. బాలికలకు విడిగా జరిగే పోటీ తుది మ్యాచ్‌కు ఆ మైదానం 2021లో గాని దొరకలేదు. బాలుర పోటీ జట్లలో ఆడపిల్లల పేర్లు నమోదు చేసుకొనే నియమం ఇప్పటికీ రాలేదు.